పక్క గది నిండిన తీరు

పదకొండు నోటుపుస్తకాలున్న గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె మొదటి వరసలో కూర్చుంది. కింద పెట్టుకోవచ్చు. కుడిపక్క కుర్చీ ఖాళీగానే ఉంది, దానిమీదైనా పెట్టుకోవచ్చు. కానీ ఏడు నెలలుగా బీరువా పై అరలో ఉన్నవాటిని ఇవాళ పొద్దున దించి, తడిగుడ్డతో అట్టలు తుడిచి, ఒక్కటీ తెరవకుండా సంచిలో సర్దిన దగ్గర్నుంచి, ఇంకెంతసేపు ఇవి నావి అన్న ఆలోచన ఒకటి లోపల తిరుగుతూనే ఉంది, ఇప్పుడా లెక్క గంటకి వచ్చింది. గంటసేపు ఉపన్యాసం. అది కాగానే భౌతికశాస్త్ర శాఖాధిపతి ఆమెను వేదిక మీదికి పిలుస్తారు. పోయిన భర్త రాసుకున్న పుస్తకాలన్నీ శాఖకి అప్పగించాలి, రెండు మాటలు చెప్పాలి. పుస్తకాలు అద్దాల బీరువాలోకి వెళ్తాయి, తాళం పడుతుంది. ఆ రెండు మాటలూ నిన్న కాగితం మీద రాసుకుంది. నాలుగు వాక్యాలు రాసి, ఇరవై ఆరేళ్ళు బడిలో సైన్సు చెప్పిన అలవాటు కొద్దీ ఎర్రకలంతో దిద్దుకుంటే రెండు మిగిలాయి. "అవన్నీ ఉత్త లెక్కలు టీచరమ్మా, విప్పి చూసి బుర్ర పాడుచేసుకోకు, అలాగే తీసుకెళ్ళి మన పొడుగు వాళ్ళ శాఖకి ఇచ్చెయ్" అన్నారాయన చివరి వారంలో, మంచినీళ్ళ గ్లాసు తిరిగి ఇస్తూ, అంత తేలిగ్గా. ఆమె విప్పలేదు. పోయినవాళ్ళ మాట. మాట నిలబెట్టుకోవడం కాక ప్రేమంటే ఇంకేమిటో ఆమెకు ఎన్నడూ సరిగ్గా తెలియలేదు.

"సంచి కింద పెట్టరాదూ అమ్మాయ్, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అంది ఎడమపక్కనున్న వదిన, ఆయన అక్క.

"పర్లేదు వదినా."

"ఇంతకీ మావాడు కనిపెట్టిందేమిటే? ఎప్పుడడిగినా నవ్వేసేవాడు."

"కనిపించనిదాని గురించి వదినా."

"కనిపించనిదాన్ని కనిపెట్టడమేమిటి, నీ మొహం" అని తనే నవ్వి, సభలో ఉన్నామని గుర్తొచ్చి వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఆయనదే. తమ్ముడిదీ అక్కదీ ఒకే నవ్వు, ముందు ముక్కుతో మొదలై తరవాత నోట్లోకి వచ్చేది. ఏడు నెలల తరవాత ఆ నవ్వు పక్కకుర్చీలోంచి వినపడితే ఆమె సంచి తాడుని వేలికి ఒక చుట్టు చుట్టుకుంది.

పొడుగు మైకు దగ్గరికి వచ్చాడు. ఇప్పుడతను ఇక్కడే ప్రొఫెసరు, గడ్డం పక్కన నాలుగు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి, అయినా శాఖలో అందరికీ పొడుగే. ఆ పేరు పెట్టింది ఆమే. ఆయన దగ్గర శిష్యరికం చేసిన ఆరేళ్ళూ ప్రతి సెలవునాడూ ఇంటికొచ్చేవాడు, వచ్చిన ప్రతిసారీ వంటింటి గుమ్మానికి నుదురు కొట్టుకునేవాడు, "అక్కా, మీ ఇల్లు నన్ను ఒప్పుకోవట్లేదు" అనేవాడు. ఒకసారి నిజంగానే చర్మం చిట్లితే ఆమె బడిలో ప్రయోగాలకి తెచ్చిన స్పాంజి ముక్క కోసి గుమ్మం పైచెక్కకి మేకులు కొట్టింది. అది ఇప్పటికీ ఉంది, నూనె పొగకి నల్లబడి, ఎవరి తలా తగలకుండా. మైకు అతని ఛాతీ దగ్గరే ఆగిపోతే అతను వంగాడు. ఆ వంగడం చూసి ఆమెకు కడుపులో ఎక్కడో చల్లగా అనిపించింది. మన పిల్లాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ మాట పైకి ఎవరూ అనకపోయినా, వాడు వచ్చే రోజున బియ్యం ఒక గుప్పెడు ఎక్కువ పోసేది చెయ్యే.

"విశ్వంలో ఉన్న పదార్థాన్ని ఆరు పాళ్ళు చేస్తే మనకి కనిపించేది ఒక్క పాలు" అన్నాడు పొడుగు. మిగతా ఐదు పాళ్ళూ వెలుగునివ్వవు, వెలుగుని ఆపవు, ఉన్నాయని తెలిసేది బరువు వల్లే. దాన్ని కృష్ణ పదార్థం అన్నాం. అది ఒంటరి కణం కాకపోవచ్చు, తనదైన బలాలూ తనదైన వేడీ ఉన్న ఒక పూర్తి సంసారమే కావచ్చు, మన పక్కనే, మనకి తగలకుండా. సార్ దాన్ని పక్క గది అనేవారు. సార్ జీవితమంతా ఒకటే ప్రశ్న. పుట్టిన కొత్తలో విశ్వం మరిగే కుండ కదా, ఆ తొలి వేడిలో పక్క గదిలోకి సరుకు ఎలా చేరింది? ఎవరు చేర్చారు? పొడుగు గొంతు బావుంది, తొందర లేదు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాడు. ఆగడం ఆమె నేర్పిందే. మొదటి ఉపన్యాసానికి ముందు వంటింట్లో నిలబెట్టి చెప్పించుకుని, పిల్లలకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలిరా నాయనా అని చెప్పింది.

పక్క గది. అదీ వంటింట్లోనే మొదలైంది. ఆమె గిన్నెలు కడుగుతుంటే ఆయన స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద నోటుపుస్తకం పెట్టుకుని చెప్పేవారు. ఇటు మన గది, కిక్కిరిసిన జనం, ఒకటే తోపులాట, ఉక్క. అటు పక్క గది. మధ్య గోడలో ఒక్క సూదిబెజ్జం. ఇటువైపు కోట్లసార్లు గుద్దుకుంటే ఎప్పుడో ఒకసారి ఒకరు ఆ బెజ్జంలోంచి అటు జారిపోతారు. జారినవాళ్ళు తిరిగి రారు, అటువైపు గుద్దుకోవడానికి చాలినంత మందే లేరు కదా. ఈలోగా గది పెద్దదవుతుంది, చల్లబడుతుంది, తోపులాట తగ్గుతుంది, జారడం ఆగిపోతుంది. అప్పటికి ఎంతమంది చేరారో అంతే. ఆ లెక్క మరి మారదు. ఇంకో దారి కూడా ఉంది టీచరమ్మా, మొట్టమొదట వేడి పంచినవాడే రెండు గదులకీ పంచి ఉండొచ్చు, ఒకదానికి కుండతో, ఇంకోదానికి గరిటెతో. రెండు గదులకీ ఒకే వేడి ఉండాలని ఎక్కడా రాసిలేదు. ఆమె కుళాయి కట్టేసి అడిగింది, అంతా విన్నాక పిల్లలు అడిగే ప్రశ్నే, "మొదట్లో పక్క గది ఖాళీ అని మీకెవరు చెప్పారు?" ఎవరూ చెప్పలేదు, తొలి సంఖ్య సున్నా అని పెట్టుకుంటాం, లేకపోతే లెక్క మొదలవదు. మొదలవడం కోసం అబద్ధమా? అబద్ధం కాదు, ఊహ. మా పిల్లలు ఇలా రాస్తే సున్నా వేస్తాను. వేసెయ్, నా దగ్గర ఆల్రెడీ ఒకటుంది, జత అవుతుంది. అని ముక్కుతో మొదలుపెట్టి నవ్వారు. స్టూలు కాళ్ళలో ఒకటి పొట్టి, దానికింద మడిచిన కాగితం పెట్టేవారు, ఆ కాగితం మీద కూడా లెక్కలే.

ఆయన ఏ పేజీ మొదలుపెట్టినా ముందు పై కుడిమూల తేదీ వేసి, దాని కింద ఎక్కడ కూర్చున్నారో రాసేవారు. చదువుకునే రోజుల్లో ఒక మంచి ఆలోచన పోగొట్టుకున్నారట, అది వచ్చినప్పుడు ఎక్కడున్నానో గుర్తుంటే ఆలోచన తిరిగి దొరికేదని అప్పట్నుంచీ పట్టుకున్న పద్ధతి. బస్సు, కిటికీ సీటు. వంటింటి స్టూలు, టీచరమ్మ గిన్నెలు కడుగుతోంది. పళ్ళ డాక్టరు దగ్గర, ఎదురుగా ఏడుస్తున్న పెద్దమనిషి. లెక్క తప్పయినా పర్లేదు కానీ మూల తప్పు రాయకూడదనేవారు. ఒకసారి ఆమె మూల చూసి ఏడిపించింది, "నేను గిన్నెలు కడిగితే గానీ మీకు విశ్వం తోచదా?" అని. "చప్పుడు ఉండాలి" అన్నారు. ఎవరి చప్పుడని అడగలేదు. అడగక్కర్లేనివి చాలా ఉండేవి అప్పట్లో. ఉన్నాయనుకునేది.

"సార్ ఉండగా నేను ఫోన్లో తీసుకున్న పేజీ ఇది. సార్ చేతిరాత చూడండి" అన్నాడు పొడుగు.

తెర నిండా ఆయన రాత. వెనక వరసల్లో ఎవరో చప్పరించారు, మెచ్చుకోలుగా. పేజీ మధ్యలో పెన్సిలుతో గడి కట్టిన సమీకరణం, పొడుగు ఎర్రవెలుగు చుక్క దాని చుట్టూ తిరుగుతోంది, హాలంతా ఆ చుక్క వెంట తిరుగుతోంది. ఆమె కళ్ళు మాత్రం పై కుడిమూలకి పోయాయి. కావాలని కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఏ జవాబు కాగితం చేతికొచ్చినా ముందు చూసేది మూలే, పేరు, తరగతి, తేదీ. తేదీ చదివింది. దాని కింద చిన్నగా, గుండ్రంగా, ఏ తొందరా లేని రాతలో రాసి ఉన్నది చదివింది. స్కానింగు గది బయట. మూడో కుర్చీ. పక్కన పొడుగు.

తేదీ మళ్ళీ చదివింది. ఆ తేదీ ఆమెకు తెలుసు. ఆ తేదీని ఆమె తన చేత్తో నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాసింది, బడిలో సైన్సు ప్రదర్శన రోజది, పిల్లలు మైనంతో అగ్నిపర్వతం చేసి కిటికీ తెర కాల్చుకున్న రోజు. ఆయన రాలేకపోయారు. ఇంకో ఊళ్ళో పరీక్షకుడిగా వెళ్ళాలన్నారు. సాయంత్రం వచ్చారు, అలసిపోయి ఉన్నారు, కానీ చేతిలో రంగు సుద్దముక్కల పెట్టె. స్టోరులో మిగిలాయట, నీకని పట్టుకొచ్చాను. ఆకుపచ్చా నీలమూ విరక్కుండా ఉన్నాయి, గులాబీరంగుది రెండు ముక్కలైంది. ఆమెకెంత సంతోషమో. తెర కాలిన సంగతి నటించి మరీ చూపిస్తే ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ తరవాత పందొమ్మిది నెలలకి, ఒక ఆదివారం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఈమధ్యే తెలిసింది టీచరమ్మా, కొంచెం ముదిరాకే బయటపడిందంటున్నారు, అన్నారు. ఈమధ్యే. అన్నాక నాలుగు నెలలే ఉన్నారు. ఆ నాలుగు నెలలూ ఆమె, అయ్యో కాస్త ముందే తెలిసుంటే అని, ఎదుటపడ్డ ప్రతివాళ్ళతోనూ అంది. మందుల షాపతనితో అంది. వదినతో అంది. ఇదిగో ఈ వేదిక మీద వంగి నిలబడ్డవాడి భుజం పట్టుకుని అంది, ముందే తెలిసుంటే నాయనా. వాడు అవునక్కా అన్నాడు. అవునక్కా.

మూడో కుర్చీ. పక్కన పొడుగు.

హాల్లో ఎవరైనా చూశారా అని ఆమె కొద్దిగా తల తిప్పి వెతికింది. ఎవరూ చూడలేదు. గడి కట్టినదే అందరూ రాసుకుంటున్నారు. పొడుగు కూడా చూడలేదు, ఈ పేజీని వందసార్లు చూసి ఉంటాడు, ఈ మూలని ఒక్కసారీ చదివి ఉండడు. చదవడానికేముంది, తను అక్కడే ఉన్నాడు కదా. తెలిసినదాన్ని ఎవరు చదువుతారు. ప్రొజెక్టరు లోపల పంకా గిరగిరమంటోంది, సంచి తాడు వేలికి రెండో చుట్టు, మూడో చుట్టు, వేలి చివర తెల్లబడింది. ఒళ్ళో పదకొండు పుస్తకాలు. ఒక్కో పుస్తకంలో రెండొందల పేజీలు, ఒక్కో పేజీకి ఒక మూల.

"మన గదిలోంచి అటువైపు జారడం ఒక్కపెట్టున జరగదు, కణం తరవాత కణం" అంటున్నాడు పొడుగు. అవును, ఒక్కపెట్టున జరగలేదు. ముందు వీడు, కారు నడిపి ఉంటాడు, ఆయనకి డ్రైవింగు రాదు. తరవాత మందుల షాపతను. ఆమె మెట్లెక్కగానే మాట ఆపేసి, ఏం కావాలి మేడమ్ అని కొత్తమనిషిని అడిగినట్టు అడిగేవాడు, బల్లమీద ఉన్న పొట్లాన్ని మోచేత్తో లోపలికి తోసేవాడు. ఎవరిదో ప్రైవేటు వ్యవహారం కాబోలని ఆమె చూపు తిప్పుకుంది, మర్యాద. తరవాత శాఖ గుమాస్తా. ఒకరోజు ఫోన్లో, సార్ ఇవాళ సెలవు కదమ్మా అని, వెంటనే కాదు కాదు క్లాసులో ఉన్నారు అన్నాడు; వయసు మీదపడింది పాపం, మతిమరుపు అనుకుంది, ఆ మాట ఆయనతో చెప్పి ఇద్దరూ నవ్వారు. ఇద్దరూ. తరవాత ఆ చలికాలం వదిన చెప్పాపెట్టకుండా వచ్చి పదిరోజులుంది. ఊరికే వచ్చానే, మిమ్మల్ని చూడాలనిపించింది. నిద్రపోతున్న తమ్ముడి తలమీద చెయ్యి వేసి కూర్చోవడం ఆమె గుమ్మంలోంచి చూసింది, యాభయ్యేళ్ళవాణ్ణి ఇంకా ముద్దుచేస్తోందని నవ్వుకుంది. ఒక్కొక్కరే, ఒక్కొక్కరే అటు జారారు. అటు పోయినవాళ్ళు ఒక్కరూ తిరిగి ఇటు రాలేదు. ఎంతమంది అయ్యారో ఇప్పుడు తేలదు. ఇల్లు చల్లబడింది, ఇంక ఎవరూ ఎవరికీ చెప్పరు.

"వదినా" అంది, తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "ఆ చలికాలం మీరు పదిరోజులున్నారు. ఎందుకొచ్చారు?"

"ఇప్పుడా సంగతెందుకే. పిల్లాడు బాగా చెబుతున్నాడు, విను."

"వింటున్నాను."

వదిన ఇంతసేపూ కుర్చీచేతి మీద ఉన్న చెయ్యి మెల్లిగా తీసి ఒళ్ళో పెట్టుకుంది. చాలు. పిల్లలు కూడా అంతే, కాపీ కొట్టినవాడు నోరు విప్పక ముందే చెయ్యి దాచుకుంటాడు.

బరువు వల్లే తెలుస్తుంది అన్నాడు కదా వీడు. ఆమె కూడా ఏడాదికి నాలుగు సెక్షన్లకి చెబుతుంది, కళ్ళు మోసపోతాయి, బరువు అబద్ధం చెప్పదు అని. ఆయన ప్యాంట్ల నడుము ఆమే కుట్టుమిషను మీద బిగించింది. ఒకసారి రెండు వేళ్ళ వెడల్పు, ఆర్నెల్లకి ఇంకో రెండు. నడక పెంచాను టీచరమ్మా. స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకుంది, మావారు ఈ వయసులో సన్నబడ్డారు, మీవాళ్ళకీ చెప్పండి అని. మిషను మీద వంగి గుడ్డ లాగుతుంటే ఆయన వెనకాల నిలబడి చూస్తున్నారు, సరిగ్గా కుట్టు, మళ్ళీ వదులవకూడదు అన్నారు. ఏమి ధైర్యం. ఆ ఏడే, పై అంతస్తు వరకూ నీళ్ళ డబ్బా మొయ్యమంటే మధ్యమెట్టు మీద కూర్చుండిపోతే, ఆమె కిందనుంచి అరిచింది. సోమరిపోతు, మిమ్మల్ని కట్టుకున్న పాపానికి నేనే మొయ్యాలి, అని డబ్బా లాక్కుని ఆయన్ని దాటి చకచకా ఎక్కింది. ఆయన కాళ్ళు పక్కకి జరుపుకుని దారిచ్చారు. ఎదురింటివాళ్ళు విన్నారు. అదిప్పుడు, ఈ హాల్లో, మొదటి వరసలో, ఆమె కూడా వింది. దాచారు, సరే. నన్ను తిట్టనిచ్చారు. తెలిస్తే తిట్టేదాన్నా? తెలిస్తే ఆ డబ్బా అక్కడే పెట్టి ఆ మెట్టు మీదే పక్కన కూర్చునేదాన్ని కాదా? ఆ పందొమ్మిది నెలలూ ఆయనవే కాదు కదా, నావి కూడా. నా సగం నాకు ఇవ్వకుండా అందరూ కలిసి వాడుకున్నారు. వాళ్ళంతా జబ్బుమనిషితో ఉన్నారు, నేనొక్కదాన్నీ ఆరోగ్యవంతుడితో సంసారం చేశాను. ఒకే కంచంలో తిన్నాం, రెండు గదుల్లో ఉన్నాం, ఒకే వేడి అనుకున్నాను. లెక్క మొదలవడానికి నేను కూడా అవతల సున్నా అని పెట్టుకున్నాను.

"చివరి ఏడాదిన్నర సార్ వేరే ఏ పనీ చెయ్యలేదు" అంటున్నాడు పొడుగు. "ఆ సున్నాని అనుమానించారు. మేమంతా తొలి సంఖ్య సున్నా అని పెట్టుకుని ముప్పయ్యేళ్ళుగా లెక్కలు కట్టాం. సార్ అన్నారు, విశ్వం తొలి క్షణంలో ఒక్కసారిగా సాగింది కదా, ఆ సాగడమే కణాలని పుట్టించగలదు. దానికి సూదిబెజ్జం అక్కర్లేదు, గురుత్వం ఒక్కటి చాలు. గురుత్వానికి గోడల్లేవు. అలా చూస్తే పక్క గది ఏనాడూ ఖాళీగా లేకపోవచ్చు. జారడం మొదలయ్యేసరికే అందులో కొంత ఉండి ఉండొచ్చు." కాస్త ఆగాడు, ఊపిరి పీల్చుకునే వ్యవధి. "ఈ అనుమానం మీకెలా వచ్చింది సార్ అని అడిగితే, ఇంట్లో ఒక పరీక్ష తప్పానోయ్, సున్నా వచ్చింది, అన్నారు. అంతకుమించి చెప్పలేదు."

హాలు నవ్వింది. శాఖాధిపతి అందరికంటే గట్టిగా నవ్వారు.

ఆమెకు చెవుల్లో కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు. నా ప్రశ్న. నా గిన్నెల దగ్గరి ప్రశ్న. నవ్వి కొట్టిపారేశారనుకుంది, పారెయ్యలేదు, జేబులో వేసుకుని తీసుకెళ్ళారు, స్కానింగు గది బయట మూడో కుర్చీలో కూర్చుని దానిమీదే పందొమ్మిది నెలలు పనిచేశారు. నువ్వు చెప్పిందే కరెక్టు టీచరమ్మా, ఆ ఒక్కమాట. ఆ ఒక్కమాట విని ఉంటే నెలరోజులు నేల మీద నడిచేది కాదు. ఎందుకు చెప్పలేదు? చెబితే చూపించమంటుంది. చూపించాలంటే పేజీ తియ్యాలి. పేజీకి మూల ఉంది. ఇంత చిన్న సంగతి. వేరే కాగితం మీద ఎత్తిరాయొచ్చు, మూల చింపెయ్యొచ్చు, వంటింటి స్టూలు అని రాసెయ్యొచ్చు, ఎవరు చూడొచ్చారు? ఆ పని చెయ్యడానికి ఆయనకి చెయ్యి రాలేదు. లెక్క తప్పయినా పర్లేదు, మూల తప్పు రాయకూడదు. కాగితానికేమో నిజం, కట్టుకున్నదానికేమో అబద్ధం. అందుకే విప్పకు అన్నారు. ఉత్త లెక్కలు అన్నారు. ఆఖరి వారంలో కూడా, నీళ్ళు తాగి గ్లాసు చేతికిస్తూ, నన్ను నా చేతే మోసం చేయించబోయారు, ఈ సంచి మోయించి, ఈ వేదిక ఎక్కించి, వీళ్ళ బీరువాలో నా చేత్తోనే పెట్టించి. వీళ్ళంతా చదువుకోవచ్చు. నేను తప్ప.

చప్పట్లు. శాఖాధిపతి లేచి, అద్భుతం అని, ఎవరికైనా సందేహాలుంటే అని, మేడమ్ గారు ఆ తరవాత అని, ఇంకా ఏదో అంటున్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఆమె ఎత్తింది. బడిలో పిల్లలెత్తినట్టే, మోచేతి కింద రెండో చెయ్యి ఆనించి.

"మేడమ్ గారే అడుగుతారట!" అన్నారు శాఖాధిపతి, ముచ్చటపడి.

"చేతిరాత పేజీ ఇంకోసారి వెయ్యి నాయనా."

పొడుగు వెనక్కి వెళ్ళాడు. ఒకటి, రెండు, ఐదు స్లైడ్లు. పేజీ వచ్చింది. "ఏ సమీకరణం అక్కా? పైదా, గడి కట్టిందా?"

"సమీకరణం కాదు. పై కుడిమూల. చదువు."

అతను తెరవైపు తిరిగి, అలవాటుగా కొంచెం వంగి, నోరు తెరిచాడు. మొదటి అక్షరం బయటికొచ్చింది, ఆగింది.

"పైకి వద్దు. మనసులో చదువుకో."

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అతను చదవడం పూర్తయిన క్షణం మాత్రం ఆమెకు స్పష్టంగా కనిపించింది, ఎర్రవెలుగు చుక్క తెర మీంచి జారి గోడ మీద, అక్కణ్ణుంచి పైకప్పు మీద తచ్చాడింది. "అక్కా, సార్ నాచేత ఒట్టు..." అన్నాడు, మైకు అంతా వినిపించేసింది.

"సరే. కూర్చో."

వేదిక మీద అతనికి కుర్చీ లేదు. అలాగే నిలబడ్డాడు.

శాఖాధిపతి ఏదో సర్దబోయి ఆమెను వేదిక మీదికి ఆహ్వానించారు. ఆమె లేచింది కానీ మెట్లెక్కలేదు. సంచి భుజానికి తగిలించుకుంది. కాగితం మడత విప్పకుండానే చెప్పింది, "ఇవి ఇవాళ ఇవ్వడం లేదండి. నేనింకా చదవలేదు."

"మేడమ్, అవి... లెక్కలు కదా, చాలా కష్టమైన..."

"నేను లెక్కలూ చెబుతానండి" అని నమస్కారం పెట్టి, వరసల మధ్యనుంచి బయటికి నడిచింది. నడక తొందరగా లేదు. గంట కొట్టాక క్లాసులోంచి వచ్చినట్టే వచ్చింది.

కారిడార్లో గోడవారగా ఒకే ఇనపకమ్మీకి బిగించిన నాలుగు కుర్చీలు. ఆమె మూడోదాంట్లో కూర్చుంది. కూర్చున్నాక చూసుకుంది మూడోదని. తలుపు తెరుచుకుని వదిన వచ్చింది, రొప్పుతూ.

"నలుగురిలో ఇదేం పనే అమ్మాయ్?"

ఆమె సంచి భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడే వాడు. నేను పోరానే, ఎంత పోరానో నీకు తెలీదు. బడినుంచి నవ్వుకుంటూ వస్తుందక్కా, గుమ్మంలోనే మొదలుపెడుతుంది ఆ పూట కబుర్లు, ఆ నవ్వు ఇంకొన్నాళ్ళు చూస్తాను, అన్నాడు. నేనేం చెయ్యను?"

"చూశారు కదా."

"చూశాడే. పోయేదాకా దాని గురించే..."

"ఆ నవ్వు నాది వదినా. అడిగి తీసుకోవాల్సింది."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "నీళ్ళు తెస్తానుండు" అని కారిడారు చివరికి నడిచింది, చెప్పులు ఈడ్చుకుంటూ. లోపల మళ్ళీ చప్పట్లు, దేనికో.

ఆమె సంచిలో చెయ్యి పెట్టి అడుగునున్న పుస్తకం తీసింది, పదకొండోది, ఆఖరిది. వెనకనుంచి తిప్పింది. ఖాళీ పేజీలు, ఖాళీ పేజీలు, తరవాత ఆయన రాత ఆగిన చోటు. సగం సమీకరణం, సమానం అన్న రెండు గీతల తరవాత ఏమీ లేదు. ఆ పేజీ మూల చదవాలనిపించింది. ఇంటికెళ్ళాక. మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి, ఒక్కో మూలా, వరసగా. ఎవరెవరు పక్కన కూర్చున్నారో, ఏ రోజున, ఏ కుర్చీలో. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు. ఇప్పటికి పేజీ తిప్పి, ఆయన తరవాతి మొదటి ఖాళీ పేజీ మీద, పర్సులోంచి ఎర్రకలం తీసి, పై కుడిమూల ఇవాళ్టి తేదీ వేసింది. దాని కింద, పిల్లలకి దస్తూరీ నేర్పే గుండ్రటి అక్షరాలతో రాసింది. సెమినారు హాలు బయట. మూడో కుర్చీ. పక్కన ఎవరూ లేరు.

వదిన నీళ్ళ గ్లాసుతో వచ్చి నాలుగో కుర్చీలో కూర్చుంది. ఒకే కమ్మీ కాబట్టి ఆ బరువుకి ఆమె కుర్చీ కూడా కొంచెం ఊగింది. వదిన భుజం ఆమె భుజానికి తగిలింది, ఎవరూ పక్కకి జరగలేదు. ఆమె రాసింది మళ్ళీ చదువుకుంది, నెమ్మదిగా, కలం ఇంకా తెరిచే ఉంది. దిద్దాల్సిందేమీ కనిపించలేదు. మూత పెట్టేసింది.